కిష్టవ్వ గుద్దులాట నేర్చిన వైనం

సంగారెడ్డిలో కూతురు బాక్సింగ్ పోటీలో ఓడిపోయిన రోజునే కిష్టవ్వ గొంతు కూడా పోయింది. మూడు రౌండ్లూ ఆమె అరుస్తూనే ఉంది. పోటీలకు వచ్చిన తల్లిదండ్రులు అందరూ అరుస్తారు. కానీ కిష్టవ్వది బీడీల కార్ఖానాలో అంతమంది ఆడవాళ్ళ ముచ్చట్ల మధ్య తన మాట నెగ్గించుకోవడానికి ఏళ్ళ తరబడి సానపట్టిన గొంతు. హాలంతా దానిదే రాజ్యం.

"కొట్టవే సుమా, కొట్టు. ఎనకకెందుకు పోతున్నవే, మీదికి పో."

సుమన రెండో రౌండు సగం దాకా తన పద్ధతిలో తాను ఆడింది. ఆ తరువాత తల్లి కేక చెవిలో పడిందో, పౌరుషమే వచ్చిందో, సిద్దిపేట అమ్మాయి మీదికి ఒక్కసారిగా దూకింది. ఎడాపెడా గుద్దింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది, కిష్టవ్వ కుర్చీ ఎక్కి నిలబడింది. మూడో రౌండు గంట కొట్టేసరికి సుమన చేతులు తడి గోనెసంచుల్లా వేలాడుతున్నాయి. సిద్దిపేట అమ్మాయి అప్పటిదాకా దాచుకున్నదంతా అప్పుడు తీసింది. రిఫరీ ఆ అమ్మాయి చెయ్యే ఎత్తాడు.

మరునాడు మెదక్‌లో, ఇంటి వాకిట్లో, సుమన వాచిన చెంపకు ఐసుగడ్డ అద్దుకుంటూ కూర్చుంది. కిష్టవ్వ బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది, గొంతింకా బొంగురుగానే ఉంది.

"అమ్మా, వచ్చేసారి నువ్వు రాకు," అంది సుమన.

"ఎందుకు బిడ్డా? నీ దిక్కు ఒక మనిషన్న ఉండద్దా?"

"ఉంటె ఊకె ఉండాలె. నీకు ఆట తెల్వది. తెల్వకుంట నువ్వు అరుస్తుంటె నాకు గదే వినబడుతది. కోచ్ రత్నాకర్ సారు చెప్పేది ఒక్క ముక్క వినబడలె."

కిష్టవ్వ చేతిలో కత్తెర ఆగి, మళ్ళీ నడిచింది.

ఆమెకు ఆ మాట ఎంత లోతుగా దిగిందో తెలియాలంటే ఆమె సంగతి కొంత తెలియాలి. రామాయంపేట పక్క పల్లెలో పుట్టి, పెళ్ళి చేసుకుని మెదక్ వచ్చిన మనిషి. భర్త నర్సింగం హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు, వీలున్నప్పుడు వచ్చి పోతుంటాడు. ఇల్లు, పిల్ల, బీడీల చాట, మూడూ ఆమె చేతి మీదనే. సుమన తొమ్మిదో తరగతిలో బాక్సింగ్ గ్లవ్స్ తొడిగిన నాటి నుంచి చుట్టాలు పక్కాలు ఒకటే సణుగుడు. ఆడపిల్ల మూతి పగిలితే ఎవడు చేసుకుంటాడని ఆడబిడ్డ ఒకసారి నిలదీస్తే, "పగిలితె అతుకుతది. భయపడితె అతకది," అని చెప్పి పంపించింది. తెల్లవారకముందే లేచి కోడిగుడ్లు ఉడకబెట్టింది, శనగలు నానబెట్టింది, పిల్ల స్టేడియం చుట్టూ ఉరుకుతుంటే గేటు దగ్గర చెప్పులు పట్టుకుని నిలబడింది. అంత చేసిన మనిషికి, నీకు ఆట తెలియదు అనే మాట గుచ్చుకుంది. అబద్ధమైతే అంత గుచ్చుకునేది కాదు.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వస్తూ, రాందాస్ చౌరస్తా దాటాక జిరాక్స్ దుకాణం పక్క షట్టర్ ముందు ఆమె ఆగిపోయింది. అది మోహసిన్ గేమ్ పార్లర్. మోహసిన్ తల్లి అఖ్తరున్నీసా, కిష్టవ్వ ఒకే చాప మీద కూర్చుని ఏళ్ళుగా బీడీలు చుట్టినవాళ్ళు. ఆ పిల్లవాడు హైదరాబాద్‌లో మొబైల్ షాపులో కొన్నాళ్ళు పనిచేసి, తిరిగొచ్చి ఈ దుకాణం పెట్టుకున్నాడు. లోపల పెద్ద టీవీలో ఇద్దరు మనుషులు గుద్దుకుంటున్నారు. బొమ్మలని తెలుస్తూనే ఉంది. అయినా చెమట కారుతోంది, కనుబొమ్మ చిట్లింది, ఒకడు తాళ్ళకు ఆనుకుని ఎగపోస్తున్నాడు. ఆ ఎగపోత చూస్తుంటే కిష్టవ్వకు సంగారెడ్డి గుర్తొచ్చింది.

ఆడుతున్న కాలేజీ పిల్లలు వెళ్ళిపోయేదాకా గడప దగ్గరే నిలబడి, తరువాత లోపలికి వెళ్ళింది.

"మోసిన్ బేటా, గీ ఆట నాకు నేర్పుతవా?"

మోహసిన్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "సుమన కోసమా చిన్నమ్మా?"

"నా కోసమె."

"గట్లయితె పొద్దుగాల రా. పోరగాళ్ళు కాలేజీల ఉంటరు, జాగ ఖాళీగుంటది."

మొదటి రోజు బాక్సర్‌ను ఎంచుకోమంటే, ఆమె అందరిలోకీ లావుపాటి వాణ్ణి, బోనాల్లో పోతరాజులాంటి వాణ్ణి ఎంచుకుంది. రిమోట్ చేతికిచ్చి, ఏ బటన్ నొక్కితే ఏ చెయ్యి లేస్తుందో మోహసిన్ చూపించాడు. అంతే, ఆమె వేళ్ళు మొదలుపెట్టాయి. బీడీ చుట్టే వేళ్ళు అవి. ఆకు పట్టడం, తంబాకు వేయడం, చుట్టడం, మడవడం, దారం కట్టడం, కళ్ళు ఎటు చూస్తున్నా వాటి పని అవి చేసుకుపోతాయి. పోతరాజు తెరమీద తిరగలిలా తిరిగాడు. గుద్దులే గుద్దులు. మోహసిన్ నోరు తెరిచాడు. అర నిమిషం గడిచిందో లేదో పోతరాజు చేతులు దిగజారాయి, నోరు తెరుచుకుంది. ఎదుటివాడు నింపాదిగా దగ్గరికొచ్చి ఒక్కటిచ్చాడు. పోతరాజు నేల కరిచాడు.

"వీనికేమైందిరా? నేను నొక్కుతనే ఉన్న గద."

"నొక్కుడే తప్పు చిన్నమ్మా. నీ వేళ్ళు మస్తు ఫాస్ట్. గని గీ కింద పచ్చగీత చూస్తివా? అది వాని దమ్ము. గుద్దినప్పుడల్లా దిగుతది. గురి తప్పి గాల్ల కొడితె ఇంక ఎక్కువ దిగుతది. ఆగితె మళ్ళ నిండుతది. దమ్ము లేనోని గుద్దుకు దోమ గూడ సావది."

పక్కనే ఉన్న వేరే ఆటల్లో ఎంత తొందరగా నొక్కితే అంత గెలుపట. ఇది అట్లా కాదు, నిజం బాక్సింగ్ లెక్కే చేశారన్నాడు మోహసిన్. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఇక్కడే బోల్తా పడతాడట. ఇన్నేళ్ళుగా తొందరే అన్నం పెట్టిన మనిషికి, తొందర కూడదని నేర్చుకోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. చాట ముందు ఆగిన వేలు కూలి పోగొట్టుకుంటుంది. ఇక్కడ ఆగని వేలు ఆట పోగొట్టుకుంటోంది. చాలా రోజులు ఓడిపోయింది. ఓడినప్పుడల్లా రిమోట్ కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, "ఇంకోపారి పెట్టు," అనేది.

పోతరాజును మోహసిన్ మాన్పించాడు. గట్టిగా కొట్టేవాడికి దమ్ము తొందరగా పోతుంది, నేర్చుకునేవాళ్ళకు పనికిరాడన్నాడు. పొడుగు చేతుల సన్నటి బాక్సర్‌ను ఇచ్చాడు. ముందున్న ఎడమ చేత్తో చిన్నగా పొడిచి వెనక్కి తీసుకోవడం ఒక్కటే రోజుల తరబడి చేయించాడు. దాన్ని జాబ్ అంటారట.

"గీ ఈగలు తోలుడేందిరా," అని విసుక్కుంది కిష్టవ్వ.

"గదే దూరం చెప్తది చిన్నమ్మా. నీ చెయ్యి వానికి అందుతుందా లేదా అని. అందకుంట పెద్ద గుద్దు గుద్దితివనుకో, దమ్ము పాయె, నీ మొఖం వానికి దొరికె."

చేతులు ముందు పెట్టి కాచుకోవడం కూడా ఆమెకు మొదట నచ్చలేదు. తరువాత అదే మోతాదు మించి చేసింది. ఆట పొడుగునా మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎదుటివాడు పొట్టలో నాలుగు దించాడు. పైనే కాస్తే కింద ఖాళీ, కిందికి దించితే పైన ఖాళీ. వాడి భుజం ఎటు వంగుతుందో చూసి అటే కాచుకోవాలి. తాళ్ళ దగ్గరికి తరిమినప్పుడు అక్కడే నిలబడకుండా పక్కకు జారాలి. వాడి పొట్టలో ముందు రౌండ్లలో వేసిన దెబ్బలు అప్పటికి కనబడవు, ఆఖరి రౌండులో వాడి పచ్చగీత నిండకుండా చేస్తాయి. ఇదంతా ఆమె తన భాషలోకి తెచ్చుకుంది. కార్ఖానాలో అఖ్తరున్నీసాతో, "పొట్టల కొట్టుడంటె విత్తనం ఏసుడే అక్కా. మొలకకు టైం వడ్తది," అంది. అఖ్తరున్నీసా తన కొడుకు ఈమెకేమి మందు పెట్టాడోనని నవ్వింది.

ఒక రోజు ఆడుతూ ఆడుతూ, ఎదుటివాడు పెద్ద గుద్దు ఎత్తడం చూసి, కిష్టవ్వ తన మనిషిని ఒక్క అడుగు వెనక్కి జరిపింది. వాడి చెయ్యి గాల్లో పోయింది, వాడే ముందుకు తూలాడు. ఆ క్షణంలో ఆమె కుడిచెయ్యి వేసింది. వాడు కూలిపోయాడు. కిష్టవ్వ రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"ఏమైంది చిన్నమ్మా? గెలిస్తివి గద."

"ఎనకకు జరిగితె భయపడ్డట్టు గాదా బేటా?"

"కాదు. రా రా అని వాణ్ణి పిలిచినట్టు."

ఆమె ఇంకో ఆట ఆడకుండా లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం సుమన అన్నం తింటుంటే పక్కన కూర్చుని అడిగింది. "సంగారెడ్డిల రెండో రౌండ్ల నువ్వు ఎనకకు జరిగింది, ఆ పిల్లను పిలవనీకేనా?"

ముద్ద చేతిలోనే ఆగింది సుమనకు. "నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలె. గట్లనిపించింది."

"అవు. రెండుసార్లు పిలిచిన. రెండుసార్లు దొరికింది. మూడోసారికి..." అని ఆగింది సుమన.

"మూడోసారికి నేను అరిచిన," అంది కిష్టవ్వ. ఆ తరువాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ సాయంత్రం నుంచి సుమన స్టేడియం నుంచి వచ్చి ఆ రోజు ఏం నేర్చుకుందో తల్లికి చెప్పడం మొదలైంది. ఎందుకు చెప్పాలనిపిస్తోందో తనకే తెలియదు. అమ్మ మునుపటిలా ఊఁ కొట్టి ఊరుకోకుండా అడగవలసిన చోట అడుగుతోంది, అంతే.

దసరా సెలవులు దగ్గరపడ్డాక మోహసిన్ ఒక ఆదివారం కొత్తవాళ్ళకు పోటీ పెట్టాడు. కిష్టవ్వను అడిగితే, పోరగాళ్ళ నడుమ నాకేం పని అని కొట్టిపారేసింది. "మరి నేర్సుకున్నదెందుకు?" అన్నాడు మోహసిన్. ఆ మాటకు ఆమె పేరు రాసుకొమ్మంది.

ఆ ఆదివారం పార్లర్‌లో కాలు పెట్టే సందు లేదు. కిష్టవ్వ మొదటి ఆటలో ఒక ఇంటర్ పిల్లవాణ్ణి ఓడిస్తే అందరూ వింతగా చూశారు, రెండోవాణ్ణి ఓడిస్తే దగ్గరికి జరిగారు. ఆఖరి ఆటకు ఆమె ఎదురుగా పాలిటెక్నిక్ చదివే ఇంద్రకరణ్ కూర్చున్నాడు. పోతరాజును తీసుకుని, వచ్చినవాణ్ణి వచ్చినట్టు మొదటి రౌండులోనే పడగొట్టిన పిల్లవాడు. మర్యాదస్తుడు. "ఏమనుకోకుండ్రి ఆంటీ, నేను జర గట్టిగ ఆడుత," అని ముందే చెప్పాడు.

"ఆడు బిడ్డా. ఆటకెందుకొచ్చినం మరి," అంది కిష్టవ్వ.

ఆట మొదలైన కాసేపటికి సుమన వచ్చింది. వాళ్ళమ్మ గేమ్ పార్లర్‌లో బాక్సింగ్ ఆడుతోందని స్నేహితురాలు ఫోన్ చేస్తే నమ్మక, నిజమో అబద్ధమో చూద్దామని వచ్చింది. జనం వెనక మునివేళ్ళ మీద నిలబడి చూసింది. తెరమీద పోతరాజు గుద్దులు వడగళ్ళలా పడుతున్నాయి. అమ్మ బాక్సర్ చేతులు అడ్డం పెట్టుకుని, పక్కకు జారుతూ, వెనక్కి అడుగు వేస్తూ, అప్పుడొకటి ఇప్పుడొకటి జాబ్ పొడుస్తున్నాడు. ఇంద్రకరణ్ వైపు పిల్లలు ఈలలు వేస్తున్నారు. చూసి చూసి సుమనకు ప్రాణం ఆగలేదు.

"అమ్మా, కొట్టు. ఊకె కాసుకుంటున్నవేంది, మీదికి పో."

కిష్టవ్వ తల తిప్పలేదు. "ఊకో బిడ్డా. వాని దమ్ము సూడు."

సుమన తెర కిందికి చూసింది. పోతరాజు పచ్చగీత సగానికి వచ్చి, మళ్ళీ నిండడం లేదు. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో రౌండులో కిష్టవ్వ పొట్ట మీద పడింది. పైన ఒక జాబ్, కింద ఒకటి, పక్కకు జరగడం. అంతా తాను అనుకున్నట్టే జరుగుతుంటే ఆమెకు ఆశ పుట్టింది. ఇంక పడతాడులే అని దగ్గరికి వెళ్ళి వరసగా నాలుగు వేయబోయింది. మూడోది తప్పింది. పోతరాజు మిగిలిన దమ్మంతా పెట్టి ఒకటి తగిలించాడు. ఆమె మనిషి వెల్లకిలా పడ్డాడు. పార్లర్ పైకప్పు ఎగిరేలా కేకలు. తెరమీద రిఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు. లేవాలంటే కదులుతున్న ఒక గుర్తును వలయంలోకి తెచ్చి ఆపాలి, కంగారుపడితే జారిపోతుంది. కిష్టవ్వ ఊపిరి పీల్చి, దారం ముడి వేస్తున్నంత నెమ్మదిగా దాన్ని లోపలికి తెచ్చింది. మనిషి లేచాడు.

లేచినవాడు పగ తీర్చుకోవడానికి పోలేదు. పోతరాజు మీదికొస్తుంటే వాణ్ణి వాటేసుకుని పట్టుకున్నాడు, రిఫరీ విడదీస్తే దూరంగా జరిగాడు, గంట కొట్టేదాకా చుట్టూ తిరిగాడు. చూసేవాళ్ళకు అది చప్పగా ఉంది. మోహసిన్ మాత్రం గోడకు ఆనుకుని తలూపాడు. కొత్తవాళ్ళు చాలామంది పడినప్పుడు కాదు, లేచిన వెంటనే ఓడిపోతారని అతను రోజూ చూస్తూనే ఉన్నాడు.

మూడో రౌండులో పోతరాజు చేతులు ఎత్తడమే కష్టమైంది. ఇంద్రకరణ్ బటన్ నొక్కిన చాలాసేపటికి గుద్దు వస్తోంది. ఒకటి గాల్లో పోయింది. కిష్టవ్వ కుడిచెయ్యి వేసింది. పడ్డాడు, లేచాడు. ఇంకొకటి గాల్లో పోయింది. మళ్ళీ కుడిచెయ్యి. ఈసారి అంకెలు పూర్తయ్యాయి.

ఇంద్రకరణ్ రిమోట్ కింద పెట్టి, "ఆంటీ, నేనేం తప్పు చేసిన?" అని అడిగాడు. ఆ అడగడం కిష్టవ్వకు చాలా నచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "తప్పేం లేదు బిడ్డా. నీ గుద్దు గట్టిది. గని ఉన్నదంత పొద్దుగాలనే తింటె రాత్రికి ఏముంటది?"

ఇంటికి నడుస్తూ సుమన చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి, "అన్ని తెలిసిన దాన్ని, నేను గూడ నీ లెక్కనే అరిస్తి గదనే," అంది.

"గట్టుమీదున్నోళ్ళకు ఈత సులువుగనె ఉంటది."

కొంచెం దూరం పోయాక సుమన నవ్వు తగ్గింది. "గని అమ్మా, నిజం ఆట వేరే. దెబ్బ తగిలితె కండ్ల ముందర చీకట్లొస్తయి. మతి పనిచేయది. ఇంకోటి, గీ ఆటల దమ్ము గీత కనబడుతది. బరిల నా గీత ఎవ్వరికి కనబడది, నాకు గూడ."

కిష్టవ్వ దాన్ని తేలిగ్గా తీసెయ్యలేదు. ఆలోచిస్తూ నడిచింది. ఇంటి సందు మళ్ళుతుండగా అంది. "నీకు దమ్ము అయిపోతె కుడి మోచెయ్యి పక్కకు లేస్తది. చిన్నప్పుడు నా పక్కన కూసొని బీడీలు చుట్టినప్పుడు గూడ అలిసిపోతె గట్లనే లేసేది. సంగారెడ్డిల గూడ లేసింది. నేను చూసిన, గని గప్పుడు నాకు సమజ్ గాలె."

సుమన సందు మధ్యలో నిలబడి, కుడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ ఆనించి చూసుకుంది. మరునాడు ఆ మాట రత్నాకర్ సారుకు చెప్పింది. ఆయన ఆమెతో వేలాడే సంచిని గుద్దించి, చేతులు కట్టుకుని చూసి, నిజమేనన్నాడు. ఆ మోచేతి మీద చలికాలమంతా పని చేయించాడు.

తరువాతి పోటీలు మెదక్‌లోనే జరిగాయి. ఆ పొద్దున సుమన బ్యాగు సర్దుకుంటూ, "చీర కట్టుకోవా? టైం అవుతుంది," అంది. రావద్దని తానే అన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. పిలుపు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

కిష్టవ్వ రెండో వరసలో కూర్చుని, మూడు రౌండ్లూ పెదవి విప్పలేదు. చుట్టూ తల్లులు, తండ్రులు గొంతులు చించుకుంటున్నారు. ఎదుటి అమ్మాయి బలమైనది, మొదటి రౌండు ఆమెదే. సుమన జాబ్ పొడుస్తూ, పొట్టలో వేస్తూ, అడుగు వెనక్కి వేసి పిలుస్తూ ఉంటే, కిష్టవ్వకు ప్రతి అడుగూ చదివినట్టే అర్థమైంది. రెండో రౌండు చివర కుడి మోచెయ్యి లేచింది. కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. సుమన తనంత తానే మోచెయ్యి కిందికి లాక్కుని, ఎదుటి అమ్మాయిని పట్టుకుని, ఊపిరి తీసుకుని, విడిపోయి పక్కకు జరిగింది. మూడో రౌండు ఆమెదే అయింది. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఆమె వైపు మొగ్గారు. మరునాడు ఫైనల్లో మాత్రం నిజామాబాద్ అమ్మాయి చేతిలో ఓడిపోయింది. "ఆ పిల్ల మంచిగ ఆడింది. నీకంటె ఎక్కువ ఓపిక పట్టింది," అంది కిష్టవ్వ. సుమన వెండి పతకం తీసి తల్లి మెడలో వేసింది. కిష్టవ్వ అది చీరకు చిక్కుకుంటోందని తీసి సంచిలో పెట్టింది.

హాలు ఖాళీ అవుతుంటే రత్నాకర్ సారు వచ్చాడు. "అమ్మా, సాయంత్రాలు మీకు వీలైతె స్టేడియంకు రాండ్రి. కొత్త పిల్లలు పదిమంది వచ్చిండ్రు. ఎవరికి దమ్ము అయిపోతుందో నేనొక్కణ్ణి చూస్తుంటె కొందరు తప్పిపోతుండ్రు."

"బీడీలెవరు చుడుతరు సారు?"

"చాట గూడ తెచ్చుకోండ్రి. మెట్ల మీద కూసోండ్రి."

ఇప్పుడు సాయంత్రం పూట మెదక్ స్టేడియం వైపు పోతే, పడమటి మెట్ల మీద ఒళ్ళో చాటతో కిష్టవ్వ కనిపిస్తుంది. పొద్దున్నపూట మోహసిన్ పార్లర్‌లో ఉంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు రిమోట్ పట్టుకోవడం చూపించి, పోతరాజు జోలికి పోవద్దని చెబుతుంది. సాయంత్రం ఆమె వేళ్ళు ఆకు చుడుతుంటాయి, కళ్ళు మైదానంలో ఉంటాయి. ఉన్నట్టుండి గొంతెత్తుతుంది. ఆ గొంతు ఇప్పటికీ స్టేడియం ఆ చివరిదాకా వినిపిస్తుంది.

"సారూ, ఆ ఎర్రరిబ్బన్ల పిల్లకు దమ్ము అయిపోయింది. జర కూసోబెట్టుండ్రి."